పాడుబడిన పెంకుటింటి సెట్టు: శిథిలాన్నీ జ్ఞాపకాన్నీ ఒకే గోడ మీద చూపించడం ఎలా?

నమస్కారం. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో విషయం ఇది. గంట నిడివి గల మీ నాటికలో అరవై దాటిన ఒక పెద్దమనిషి, బేరం కుదిరిపోయిన తన పాత పెంకుటింటికి చివరిసారిగా వస్తారు. ఇల్లు పాడుబడి ఉంటుంది. మధ్యలో ఆయన తల్లి బతికి ఉన్న రోజుల దృశ్యాలు రెండు వస్తాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో జరిగే నాటక పరిషత్తుల పోటీల్లో ఆడాలి కనుక సెట్టు త్వరగా నిలబెట్టి త్వరగా విప్పేదిగా ఉండాలి, ఖర్చూ తక్కువ కావాలి. ఇన్ని పరిమితుల మధ్య శిథిలమూ జ్ఞాపకమూ రెండూ ప్రేక్షకుడికి ఎలా అందించాలని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇల్లంతటినీ ఒకే మోతాదులో పాడు చేయకండి. ఆ ఇంట్లో ఏది, ఏ కారణం వల్ల, ఏ వరుసలో చెడిందో ముందు నిర్ణయించుకోండి. ఆ తరువాత, చెడకుండా ఎవరో కాపాడుకుంటూ వచ్చిన ఒక్క చోటును ఎంచుకోండి. ప్రేక్షకుడికి జ్ఞాపకం తగిలేది ఆ ఒక్క చోటనే. ఇక రెండు కాలాలను చూపించడానికి రెండు సెట్లు అక్కరలేదు. ఒకే గోడ మీద కాంతి పడే దిక్కును మార్చితే చాలు. ఈ రెండు మాటలనే కింద వివరిస్తాను.

పాత ఇంటి సెట్టు అనగానే మనవాళ్ళలో చాలామంది చేసే పని, గోడలన్నిటికీ గోధుమరంగూ నలుపూ కలిపి పూసి, పైన నాలుగు పగుళ్ళు గీసి, మూలల్లో దూదితో సాలెగూళ్ళు వేలాడదీయడం. దూరం నుంచి చూస్తే అది మురికి ఇల్లుగా కనిపిస్తుందే తప్ప పాడుబడిన ఇల్లుగా కనిపించదు. మురికికి చరిత్ర లేదు, శిథిలానికి ఉంది. ప్రేక్షకుడు గోడ వైపు చూసి ‘ఇక్కడ కప్పు కారేది, ఇక్కడ పొయ్యి ఉండేది, ఈ గదిలో చాలాకాలంగా ఎవరూ పడుకోలేదు’ అని తనకు తెలియకుండానే చదువుకోగలగాలి. మన ప్రేక్షకుల్లో సగం మంది అటువంటి ఇళ్ళలో పుట్టినవారు కాబట్టి వారు తప్పును ఇట్టే పట్టేస్తారు.

గోడ చెడే తీరును కొంచెం వివరంగా చెప్పుకుందాం. నేల నుంచి ఇటుకల గుండా పైకి పాకే చెమ్మ సాధారణంగా నడుము ఎత్తు దాకా వస్తుంది. దాని పై అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఆ అంచు దగ్గర తెల్లని ఉప్పు పూస్తుంది, అక్కడే సున్నం గార పొడిపొడిగా రాలుతుంది. కప్పు కారిన నీరు పై నుంచి కిందికి చారలుగా దిగుతుంది; ఆ చార పుట్టేచోట సన్నగా ముదురుగానూ, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా పలచగానూ ఉంటుంది. కిటికీ ఊచల తుప్పు ఊచ నాటిన చోటి నుంచే కిందికి కారుతుంది తప్ప గోడ మధ్యలో ఎక్కడో మొదలు కాదు. చెదలు దూలాన్ని తినేముందు గోడ మీద మట్టి గీతలా దారి వేసుకుని పైకి వెళతాయి. వరద గుర్తు వీటన్నిటికంటే భిన్నమైనది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్ వైపు ముంచెత్తిన తరువాత అక్కడి ఇళ్ళను చూసినవారికి ఇది బాగా తెలుస్తుంది: గోడ, తలుపు, బీరువా, ఫ్రిజ్ అన్నిటి మీదా ఒకే ఎత్తులో, మట్టంతో గీసినట్టుగా ఒక గీత. మీ కథలో వరద లేకపోతే ఆ గీత మీ గోడ మీద ఉండకూడదు. ఉంటే మాత్రం అది గోడ మీద ఒక ఎత్తులోనూ తలుపు మీద మరో ఎత్తులోనూ ఉండటానికి వీల్లేదు.

అందుకే రంగు డబ్బా మూత తీసేముందు ఆ ఇంటి జాతకం రాయండి. ఒక కాగితం చాలు. ఇల్లు ఎప్పుడు కట్టారు, తండ్రి ఎప్పుడు పోయారు, వెల్ల వేయడం ఎప్పుడు మానేశారు, ఏ గది ముందు మూతబడింది, పెంకు మొదట ఎక్కడ జారింది అన్నవి ఆ కాగితం మీద ఉండాలి. మన వైపు పండక్కి ముందు ఇంటికి వెల్ల వేయించే అలవాటు ఉండేది కనుక పాత గోడ అంటే ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలే. ఒక పొర నీలిమందు కలిపిన సున్నం, దాని మీద లేత పచ్చ, దాని మీద డిస్టెంపరు వచ్చిన కాలపు మీగడ రంగు. గార రాలిన చోట ఈ పొరలన్నీ అంచులుగా కనిపిస్తాయి. మీ కథలో తల్లి బతికి ఉన్న కాలానికి నీలం పొరను కేటాయించండి. నటుడు ఆ అంచును వేలితో తడిమితే ఆయన తన బాల్యాన్ని తాకుతున్నట్టే. దానికి సంభాషణ అవసరం లేదు.

దీన్ని చేయడం ఏమంత కష్టం కాదు. ఫ్రేముకు బిగించిన గుడ్డ మీద మొదట ఇటుక రంగు, గార రంగు వేసి ఆరనివ్వండి. తరువాత నీలం వేయండి. నీలం ఆరాక, పైపొర ఊడినట్టు కనిపించవలసిన చోట్ల కొవ్వొత్తి మైనాన్ని గట్టిగా రుద్దండి. దాని మీద మీగడ రంగు డిస్టెంపరు వేసి, ఆరాక రేకు ముక్కతో గీకితే మైనం ఉన్నచోట పైపొర పెచ్చులుగా లేచిపోతుంది. కుంచెతో వేసిన పెచ్చు బొమ్మలా ఉంటుంది. గీకి తీసిన పెచ్చు నిజంగానే పెచ్చు. గార ఉబ్బిన చోట్లకు రంపపు పొట్టును ఫెవికాల్‌తో కలిపి పట్టించండి, కానీ పలచగానే పట్టించండి, లేకపోతే ఫ్రేము బరువెక్కి ప్రయాణంలో గుడ్డ సాగిపోతుంది. చివర్లో ఎర్రమట్టి నీళ్ళనూ, విడిగా బాగా పలచన చేసిన మసి నీళ్ళనూ కుంచెతో చిలకరించండి. నిక్కమైన నలుపును నేరుగా ఎక్కడా వాడకండి. దీపాల కింద అది గోడలో రంధ్రంలా కనిపిస్తుంది. పగుళ్ళ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: పదో వరుసలో కూర్చున్నవారికి జానెడు దూరం నుంచి గీసిన సన్నని గీత కనిపించదు. కాబట్టి సంఖ్య తగ్గించి పరిమాణం పెంచండి. పది పగుళ్ళకంటే, తలుపు పై మూల నుంచి దూలం వైపు ఏటవాలుగా వెళ్ళే ఒక్క పగులు ఎక్కువ నమ్మిస్తుంది. బరువు దిగబడిన గోడ నిజంగా అలాగే విచ్చుతుంది.

బూజు గురించి కూడా చెప్పాలి. వంటింటి బూజు మసి పట్టి నల్లగా, బరువుగా తాళ్ళలా వేలాడుతుంది. పడకగది బూజు బూడిద రంగులో తేలికగా ఉంటుంది. రెంటినీ ఒకేలా చేయకండి. మన ప్రాంతంలో పత్తికి కొదవలేదు కాబట్టి గింజ తీసిన పత్తిని సన్నగా సాగదీసి, జిగురు నీళ్ళు చల్లి, వంటింటి దానికి మాత్రం మసి అద్దితే సరిపోతుంది.

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. నా అనుభవంలో జ్ఞాపకాన్ని రంగస్థలం మీదికి తీసుకువచ్చేవి రెండు: లేని వస్తువు మిగిల్చిన గుర్తు, చెడిపోయిన వాటి మధ్య చెడకుండా ఉన్న వస్తువు.

మొదటిదానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఫోటో తీసేసిన చోటు. గోడంతా పొగచూరి వెలిసిపోయి ఉంటే, పటం వెనక ఉన్న నలుచదరం మాత్రం అసలు రంగులో మిగిలిపోతుంది. పైన మేకు ఉంటుంది. ఇది చేయండి, కానీ ఒక్కటే చేయండి. దానికంటే మన ఇళ్ళకు దగ్గరగా ఉండేవి ఇంకా ఉన్నాయి. వంటింటి తలుపు పక్కన బొగ్గుతో గీసిన పాల లెక్క. చిలక్కొయ్య కింద ఏళ్ళ తరబడి కండువా రాసుకుని నునుపెక్కిన గోడ. ఉయ్యాల బల్ల పోయినా దూలానికి మిగిలిన రెండు ఇనప కొక్కేలు. దీపం గూటి పైన నాలుక ఆకారంలో మసి. రోజూ తల ఆనించి కూర్చున్న చోట స్తంభం మీద నూనె మరక. ఇవన్నీ మనుషులు వదిలి వెళ్ళిన ముద్రలు. వీటిలో ఏ ఒక్కటీ అలంకారం కోసం పెట్టకూడదు. పాత్ర జీవితంలో దానికి చోటుంటేనే పెట్టాలి.

మంగళగిరి నేత కుటుంబం మీద రాసిన ఒక నాటికకు నేను సెట్టు వేశాను. అక్కడి మగ్గాలు గుంట మగ్గాలు. నేసే మనిషి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. కథ మొదలయ్యేసరికి మగ్గం అమ్మేశారు. నేను మగ్గాన్ని చూపించలేదు. అడుగున్నర ఎత్తు చెక్క వేదిక వేసి, మధ్యలో గుంట కోసి, అటూ ఇటూ మగ్గం నిలిపిన గుంజలు పాతిన గుర్తులు మాత్రం వదిలాను. గోడలకు మామూలుగా రంగు వేశాం, చెప్పుకోదగ్గ శిథిలం ఏమీ లేదు. నాటిక మధ్యలో తల్లి పాత్ర వేసినావిడ కూరగాయలు తరుగుతూ వచ్చి, ఆ గుంట అంచున కూర్చుని, అలవాటుగా కాళ్ళు లోపలికి వేలాడేసింది. ఆ కదలికతో సభలో ఒక్కసారిగా నిశ్శబ్దం అలముకుంది. ప్రదర్శన తరువాత నన్ను కలిసినవారు గోడల గురించి కాదు, ఆ గుంట గురించే మాట్లాడారు.

రెండోది, చెడని వస్తువు. మీ నాటికకు నేను సూచించేది గడప. ఇల్లంతా పెచ్చులు రాలి ఉండగా, గడపకు మాత్రం తాజాగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంచండి. పసుపు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కాబట్టి అది పచ్చగా ఉన్నదంటే ఎవరో ఈ మధ్యనే వచ్చి రాశారని ప్రేక్షకులు వెంటనే గ్రహిస్తారు. ఎవరు రాశారన్నది మీ నాటికలోని పొరుగింటి ముసలావిడ పాత్రకు అప్పగించవచ్చు, లేదా చెప్పకుండానే వదిలేయవచ్చు. తులసికోటకు నీళ్ళు పోసి ఉండటం, దీపం గూటిలో వత్తి కొత్తగా ఉండటం కూడా ఇదే పని చేస్తాయి. వీటిలో ఒక్కటే ఎంచుకోండి. మూడూ పెడితే ఇల్లు పాడుబడినట్టే అనిపించదు.

నటుడి శరీరాన్ని కూడా సెట్టులో భాగంగా లెక్కపెట్టండి. పాత ఇళ్ళ గుమ్మాలు పొట్టివి. మీ లోపలి గుమ్మాన్ని అయిదున్నర అడుగులకు మించకుండా కట్టండి. మొదటి దృశ్యంలో ఆయన తలవంచి లోపలికి వస్తారు. నాటిక చివరికి ఆ గుమ్మం చట్రాన్ని కొనుక్కున్నవాళ్ళు పీకి తీసుకుపోయినట్టు కథలో వీలు కల్పించుకోగలిగితే, అక్కడ ఏమీ లేకపోయినా ఆయన తలవంచే బయటికి నడవాలి. ఇటువంటిది రిహార్సలు మొదటి వారం నుంచీ కర్రలతో కట్టిన నమూనా గుమ్మం ఉంటేనే నటుడికి అలవాటవుతుంది. ప్రదర్శన నాడు చెబితే రాదు.

ఈ విషయంలో ఇతర దేశాలవారు చేసిన రెండు పనులు తెలుసుకోవడం ఉపయోగకరం. 1949లో న్యూయార్కులో ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’కు జో మీల్జినర్ వేసిన సెట్టులో ఇల్లు అస్థిపంజరంలా చట్రాలతోనే ఉంటుంది. వర్తమానంలో పాత్రలు గోడలను గోడలుగానే గౌరవించి తలుపు గుండానే వెళతాయి. గతం నడుస్తున్నప్పుడు అవే గోడల గుండా నేరుగా నడిచి వస్తాయి. ఒక్క నియమం పెట్టుకుని దాన్ని తప్పకుండా పాటించడంతో ఖర్చు లేకుండా రెండు కాలాలు ఏర్పడ్డాయి. పోలండులో దర్శకుడు తాదేయుష్ కాంతోర్ 1975లో క్రాకోవ్‌లో చేసిన ‘ది డెడ్ క్లాస్’లో ఇల్లూ లేదు, గోడా లేదు, కొన్ని పాత బడిబల్లలు, వాటిలో కూర్చున్న వృద్ధులు, వారు మోసుకు తిరిగే, తమ చిన్ననాటి రూపాలున్న బొమ్మలు మాత్రమే. మీకు బడ్జెటు మరీ తక్కువైతే ఈ రెండో దారి గురించి ఆలోచించండి. ఒక అరుగు, ఒక గుమ్మం, ఒక భోషాణం పెట్టె కూడా ఇల్లు కాగలవు.

ఇక కాంతి. నా దృష్టిలో మీ సమస్యకు అసలు పరిష్కారం ఇక్కడే ఉంది. గరుకైన గోడ మీద కాంతి పక్క నుంచి, గోడను రాసుకుంటూ పడితే ప్రతి పెచ్చుకూ ప్రతి గుంటకూ నీడ ఏర్పడి గోడ శిథిలంగా కనిపిస్తుంది. అదే గోడ మీద కాంతి ఎదురుగా, తక్కువ ఎత్తు నుంచి, మెత్తగా పడితే ఆ నీడలు మాయమై గోడ నునుపుగా, దాదాపు కొత్తగా కనిపిస్తుంది. వర్తమానానికి పక్క కాంతి, గతానికి ఎదురు కాంతి. వర్తమాన దృశ్యాల్లో ఒక పక్క వింగులో, అంటే వేదిక పక్కన తెరచాటున, నిలువు స్టాండు మీద రెండు పార్ లైట్లు (బలమైన వెలుగు విసిరే రంగస్థల దీపాలు) గోడకు దగ్గరగా పెట్టండి. పైన ఒక పెంకు జారిపోయిన చోటు నుంచి పడే ఎండలా, వెలుగు అంచులను స్పష్టంగా కత్తిరించగల ప్రొఫైల్ లైటుతో నేల మీద చిన్న చదరం వేయండి. తల్లి దృశ్యాలు వచ్చినప్పుడు పక్క కాంతిని నెమ్మదిగా తగ్గించి, వేదిక ముందు అంచున దాచిన వెచ్చని దీపాన్ని పెంచండి. ఆవిడ చేతిలో లాంతరు ఉంటే ఆ కాంతికి కారణం కూడా దొరుకుతుంది. గోడ ప్రేక్షకుల కళ్ళ ముందే కోలుకున్నట్టు కనిపిస్తుంది. దృశ్యం ముగిసి పక్క కాంతి తిరిగి వచ్చినప్పుడు పెచ్చులన్నీ మళ్ళీ లేస్తాయి. మనిషి లోపల జరిగేది సరిగ్గా అదేనని నేను నమ్ముతాను కాబట్టే, గతం కోసం నీలిరంగు కాంతి వేసే పద్ధతిని వదిలేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

దీనికి రంగులో ఒక షరతు ఉంది. వెచ్చని పసుపు కాంతిలో నీలం చచ్చిపోయి బూడిద రంగుకు తిరుగుతుంది. మీరు తల్లి కాలానికి కేటాయించిన నీలం పొరే ఆవిడ దృశ్యంలో కనిపించకపోతే అర్థం లేదు. కాబట్టి ఆ దీపానికి ముదురు ఆంబరు జెలటిన్ (దీపం ముందు పెట్టే రంగు పొర) కాకుండా చాలా లేత రంగుది వాడండి, లేదా ఏ జెలటినూ లేకుండా హాలోజెన్‌ను డిమ్మరులో సగానికి దించండి. రంగు కలిపేటప్పుడే ఆ దీపం కింద పెట్టి చూసుకోండి. పగటి వెలుగులో కలిపిన రంగును నమ్మవద్దు.

వెనక వంటిల్లు ఒక్కసారి కనిపించాలనుకుంటే ఒక ఫ్రేముకు గుడ్డ బదులు వల బిగించి, దాని మీద కూడా గోడలాగే పలచగా రంగు వేయండి. ముందు నుంచి ఏటవాలుగా కాంతి వేసి వెనక చీకటిగా ఉంచితే అది గోడ. ముందు కాంతి తీసేసి వెనక దీపం వెలిగిస్తే గోడ కరిగి వెనక పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కనిపిస్తుంది. వల మీద రంగు మందమైతే రంధ్రాలు పూడుకుపోతాయి కనుక కుంచెతో కాకుండా స్పాంజితో అద్దండి. ఈ ప్రయోగాన్ని నాటిక మొత్తానికి ఒక్కసారే వాడండి.

ఎండ చారలు గాలిలో కనిపించడానికి కొందరు పొగ యంత్రం అద్దెకు తెస్తారు. సాంబ్రాణి కొంచెం చాలు. దాని వాసన కూడా మనకు ఉపకరిస్తుంది. ప్రేక్షాగృహం వారి అనుమతి ముందే తీసుకోండి, ముందు వరుసల్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటారని గుర్తుంచుకోండి. శబ్దం విషయంలో మీ దగ్గర నూతి గిలక కిర్రు ఒక్కటి ఉంటే చాలు, వెనక సంగీతం అవసరం లేదు.

పరిషత్తు అవసరాల గురించి. ఒకే రాత్రి రెండు మూడు నాటికలు ఆడేచోట మీకు దొరికే వ్యవధి తక్కువ. కీళ్ళతో మడిచే రెండేసి ఫ్రేముల జతలు మూడు చేయించండి. ఒక్కో ఫ్రేము ఎనిమిది అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు. జతల మధ్య ఖాళీ వదలండి, వాటిని కలపకండి. ఒక ఊరి వేదిక వెడల్పుగా ఉంటుంది, ఇంకో ఊరిది ఇరుకు. ఖాళీలు ఉంటే సెట్టు సర్దుకుంటుంది, పైగా గోడ కూలిన చోట్లుగా అవి కథకు పనికొస్తాయి. వెనక ఊతకర్రలకు ఇసుక సంచులు వేయండి. వ్యానులో ఎక్కించేటప్పుడు రంగు ముఖాల మధ్య పాత చీరలు పరచండి. రాపిడికి పడే గీతలు శిథిలంలో కలిసిపోతాయని కొందరు అంటారు. అవి ఒకే దిక్కులో సమాంతరంగా ఉండి గోడను అబద్ధం చేస్తాయి.

రంగు మొదలుపెట్టకముందే పాత ఇళ్ళు చూసి రండి. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, గుంటూరు లాలాపేట, పాతగుంటూరు వైపు ఇటువంటి గోడలు ఇంకా కనిపిస్తాయి. ఇంటివారి అనుమతి అడిగి, పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఒకే గోడకు ఫోటోలు తీయండి. పక్క కాంతి గురించి నేను రాసినదంతా ఆ రెండు ఫోటోల్లో మీకు కనిపిస్తుంది.

చివరిగా, నిప్పు. థర్మోకోల్‌ను దీపాల దగ్గరికి రానివ్వకండి. ఇటుకలు, దూలాలు చెక్కడానికి అది సులువని అందరూ వాడతారు, కానీ త్వరగా అంటుకుని విషపు పొగ వదులుతుంది. హాలోజెన్ పార్ లైటు ముఖం ఎంత వేడెక్కుతుందో చేయి దగ్గర పెట్టి చూస్తే తెలుస్తుంది. దూలాలకు తేలికపాటి చెక్క మీద గోనెగుడ్డ చుట్టి రంగు వేయండి. ఫ్రేముల నూలు గుడ్డను రంగు వేయకముందే, బోరాక్సు ఎక్కువ పాలు, బోరిక్ ఆమ్లం తక్కువ పాలు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. గోనెకూ, బూజు కోసం వాడే పత్తికీ కూడా ఇదే చేయండి. ఆరాక ఒక చిన్న ముక్కను ఆరుబయట నిప్పుకు పట్టి పరీక్షించండి: మంట తీసిన వెంటనే అది ఆరిపోవాలి. ఈ మందు నైలాన్, పాలిస్టర్ దారాలకు పట్టదు కాబట్టి వల కోసం దోమతెర గుడ్డ కాకుండా నూలు వలే కొనండి. నీళ్ళలో కరిగే మందు కనుక, వానలో తడిసిన గుడ్డకు తరువాతి ప్రదర్శన లోపు మళ్ళీ పట్టించవలసి ఉంటుంది.